పట్టీ కింది పేరు

జాక్ రింటూల్ తన్నిన బంతి గోధుమ గోదాము మీదుగా ఎగిరి అవతల రైలు పట్టాల మీద పడిందని డారిల్ రింటూల్ మళ్లీ మొదలుపెట్టాడు. జాక్ అతని తండ్రి, పోయి చాలా ఏళ్లయింది. కిందటిసారి ఇదే కథ చెప్పినప్పుడు ఆ బంతి గోదాము గోడకు తగిలి ఆగిపోయింది. చచ్చిపోయిన మనిషి కాలు ఏటికేడు బలపడుతోందని ఆటగాళ్ల దెబ్బలకు పట్టీలు కట్టే నోలా లీర్ష్ మనసులో అనుకుంది. మనసులో అనుకుని ఊరుకోవడం ఆమెకు చేతకాదు.

"వచ్చే ఏడాదికి మెల్బోర్న్‌లో పడుతుందిలే డారిల్," అంది.

"నవ్వుకో. చూసినవాళ్లు ఇంకా బతికే ఉన్నారు."

"ఉన్నారు. నేనూ చూశాను. ఎదురుగాలికి ఆ బంతి నా మందుపెట్టె దగ్గరే పడింది."

క్లబ్బు గదిలో మాడిన నూనె వాసన, తడిసిన తివాచీ వాసన కలిసి ముక్కుపుటాలకు అంటుకుంటున్నాయి. శనివారం ఆట తాలూకు బురద గుమ్మం దగ్గర ఎండి పెచ్చులుగా లేచింది. బల్ల చుట్టూ అయిదుగురు కూర్చున్నారు. కల్లాబిన్ వైపు నుంచి నోలా, డారిల్. నార్‌డూ వైపు నుంచి మాక్స్ వెల్, అతని చిన్నాన్న కొడుకు రాస్. మధ్యలో క్లబ్బు అధ్యక్షుడు స్టువర్ట్ పాస్కో. స్టువర్ట్‌కి గోధుమ పొలాలున్నాయి, ఎవరినీ నొప్పించకూడదన్న జబ్బు ఉంది. రాస్‌కి అసలు నోరే లేదు, మాక్స్ చెప్పినదానికల్లా తల ఊపడానికి వచ్చాడు.

ఒకప్పుడు ఈ రెండు ఊళ్ల పేర్లు ఒక బల్ల దగ్గర కలిసి వినపడితే గ్లాసులు పగిలేవి. రెండు చోట్లా జట్టుకు సరిపడా కుర్రాళ్లు దొరకడం మానేశాక, గతిలేక రెండు ఫుట్‌బాల్ క్లబ్బులూ కలిశాయి. కల్లాబిన్ నలుపు తెలుపు చారలూ, నార్‌డూ ఎరుపూ కలిపి ఒక జెర్సీ కుట్టించారు. అది ఏ రంగో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. ఇప్పుడు రెండు క్లబ్బుల చరిత్ర మొత్తంలోంచి ఇరవై రెండుమంది మహా ఆటగాళ్లను ఎంచి, పేర్లు చెక్కించి గోడకు కొట్టాలని తీర్మానం. నార్‌డూ వాళ్లు పదకొండుమంది, కల్లాబిన్ వాళ్లు పదకొండుమంది. ఒక్కరు ఎక్కువకాకూడదు, తక్కువకాకూడదు. ఆ షరతు మీదే అందరూ బల్ల దగ్గరికి వచ్చారు.

సాయంత్రం నుంచీ బేరం నడుస్తోంది. మీవాడి మోకాలు విరిగింది కనుక సగం ఆటగాడు, మావాడు యుద్ధానికి పోయాడు కనుక రెట్టింపు ఆటగాడు. మీ ముసలాయన్ని ఒప్పుకుంటాం, మా బావమరిదిని ఒప్పుకోండి. సంతలో గొర్రెలకైనా పళ్లు చూస్తారు. ఇక్కడ అదీ లేదని నోలాకు ఒళ్లు మండుతోంది.

"సరే, మైదానం మధ్య స్థానం," అన్నాడు స్టువర్ట్. "సెంటర్‌లో ఎవరు?"

అంతసేపూ అరుచుకున్నవాళ్లు ఒక్కసారిగా మెత్తబడ్డారు. మాక్స్ కుర్చీలో వెనక్కి వాలి టోపీ తీశాడు.

"ఇందులో వాదించడానికేముంది? నెవ్ టీగ్."

"నెవ్," అన్నాడు డారిల్, "ఇంకెవరు?"

రాస్ తల ఊపాడు. ఆ తరవాత కాసేపు ఆ గది నిజంగా బాగుంది. మోకాలిదాకా బురదలో రెండు జట్ల ముప్ఫై ఆరుమంది పందుల్లా దొర్లుతుంటే నెవ్ ఒక్కడే నిక్కరు మాయకుండా బయటికి వచ్చేవాడని మాక్స్ చెప్పాడు. ఎడమకాలో కుడికాలో ఎవరికీ తెలిసేది కాదన్నాడు డారిల్. బంతి కోసం గాల్లోకి లేస్తే కింద ఉన్నవాడు ఇక వీడు దిగడనుకుని ఇంటికి పోయి టీ తాగి రావచ్చునన్నాడు. నెవ్ ఆడుతున్నప్పుడు తాను కూడా గేటు దగ్గర టికెట్టు కొనుక్కుని చూడాల్సిందని జాక్ రింటూల్ అనేవాడట. నోలాకు కూడా గుండెల్లో ఏదో కదిలింది. ఆ మనిషి చీలమండకు ఆమె ఎన్ని శనివారాలు పట్టీ చుట్టిందో.

"రాయి మరి," అంది స్టువర్ట్‌తో.

స్టువర్ట్ కలం ఎత్తాడు గాని దించలేదు. "ఎవరి లెక్కలో రాయను?"

"మీ లెక్కలోనే," అన్నాడు మాక్స్ డారిల్‌తో. "ఆట మొదలుపెట్టింది మీ దగ్గరేగా."

"ఆపింది మీ దగ్గర," అన్నాడు డారిల్. "మీకు ఆఖరి కప్పు గెలిపించింది ఎవరు? మీవాడే."

"అయ్యో, మీకు రెండు గెలిపించాడుగా!"

"వదిలేసి పోయాడుగా! పోయినవాడు మావాడెలా అవుతాడు?"

నోలా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. నెవ్ ఊరు మారిన ఏడాది ఇతని కోసమే ఈ ఇద్దరి తండ్రులూ హోటల్ ముందు చొక్కాలు చింపుకున్నారు. మావాడంటే మావాడని. ఇవాళ అదే మనిషిని మీవాడంటే మీవాడని, నిన్నటి కూరగిన్నెలా బల్ల మీద అటూ ఇటూ తోస్తున్నారు. ఛీ.

"మా లెక్కలో రాయి," అంది. "నెవ్ కల్లాబిన్ వాడు. రాయి."

"రాయొచ్చు," అన్నాడు డారిల్. గొంతు చాలా మర్యాదగా ఉంది. కల్లాబిన్ పేర్లున్న కాగితం ఆమె వైపు తిప్పాడు. "మనకి ఇప్పటికే పదకొండుమంది అయ్యారు. ఒకర్ని తియ్యాలి. ఎవర్ని తీద్దాం నోలా? నువ్వే చెప్పు."

"మీ నాన్నని."

"నాన్న మూడు కప్పులకి కెప్టెను. వేరేవాళ్లని చెప్పు."

ఆమె కాగితం చూసింది. వెనకనుంచి రెండో వరస, ఎడమ పక్క: లెస్ లీర్ష్. ఆమె మొగుడు. ఇంట్లో ఇస్త్రీ చేయించిన కొత్త చొక్కా తలుపుకు తగిలించుకుని వారం నుంచీ దాన్నే చూసుకుంటున్న లెస్. చెప్పు, చెప్పు అన్నట్టు నలుగురూ ఆమె కళ్లలోకి చూశారు. వాళ్ల చూపులో జాలి ఉంది.

ఆమె కాగితాన్ని డారిల్ వైపు తోసేసింది.

"అదీ సంగతి," అన్నాడు డారిల్, కాగితం వెనక్కి తీసుకుంటూ. "మధ్యలో నాన్న."

స్టువర్ట్‌కి మాత్రం మనసు కుదుటపడలేదు. "నెవ్‌ని మనం గౌరవించకుండా ఉండకూడదు," అన్నాడు. "గురువారం విందులో మొదటిమాట అతనిచేత చెప్పిద్దాం. ఈ నేల అసలు మనుషులు, ఆదివాసుల తరఫున స్వాగతం. అందరూ లేచి నిలబడతారు. బాగుంటుంది."

"అంటే గుమ్మంలో నిలబెట్టి దండం పెట్టించుకుని, లోపలికి మీరు పోతారా?" అంది నోలా.

"అట్లా అనకు. నువ్వే వెళ్లి అడగాలి. నీ మాటైతే కాదనడు. అతని కాళ్లకి పట్టీలు కట్టినదానివి."

రాస్ తల ఊపాడు.

మర్నాడు మధ్యాహ్నం నోలా కారు వేసుకుని కాలవ వెంబడి నెవ్ ఇంటికి వెళ్లింది. అతను ఇంటి వెనక తలకిందుల బకెట్ మీద కూర్చుని రొయ్యల వలకు చిరుగులు కుడుతున్నాడు. కుడికాలు చాచి ఇంకో బకెట్ మీద పెట్టుకున్నాడు. జుట్టు దూదిలా తెల్లబడింది గాని భుజాలు ఇంకా విశాలంగానే ఉన్నాయి.

నోలా పలకరించడానికి ముందే వంగి అతని చీలమండ రెండు వేళ్లతో నొక్కి చూసింది. అలవాటు.

"ఇంకా వాస్తోందే."

"నువ్వు సరిగ్గా కట్టి ఉంటే వాచేది కాదు."

"నువ్వు సరిగ్గా కిందికి దిగి ఉంటే నేను కట్టేదాన్నే కాదు."

అతను నవ్వి, వల అంచు ఆమె చేతికిచ్చాడు పట్టుకోమని. ఆమె ఇంకో బకెట్ లాక్కుని కూర్చుని అంచు బిగించి పట్టుకుంది. అతని సూది దారం మీదుగా, కిందుగా పోయి ముడిపడుతోంది.

"స్టువర్ట్ పంపాడా?" అన్నాడు తల ఎత్తకుండా.

"ఊఁ."

"స్వాగతం చెప్పమనా?"

"ఎలా కనిపెట్టావు?"

"ఈమధ్య నా ఇంటికి వచ్చేవాళ్లంతా అందుకే వస్తున్నారు. మొన్న పెట్రోల్ బంకు తెరిచారు, అక్కడా నేనే. కొత్త మరుగుదొడ్లు కట్టారు పార్కులో, అక్కడికీ రమ్మన్నారు. ముందు నన్ను పోనిస్తారా అని అడిగాను. మేయరమ్మకి కోపం వచ్చింది."

నోలాకు నవ్వు రావలసింది, రాలేదు. అతను ముడి పళ్లతో కొరికి బిగించాడు.

"జట్టులో ఉన్నానా?"

"నన్నడిగితే..."

"నిన్నడగట్లేదు. ఉన్నానా అంటున్నా."

"లేవు."

సూది ఆగింది. మళ్లీ కదిలింది. "ఏ ఊరివాళ్లు వద్దన్నారు?"

"ఎవరూ వద్దనలేదు నెవ్. నీ అంతటివాడు పుట్టలేదన్నారు. అందరూ."

అతను పెద్దగా నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది. కళ్లు తుడుచుకుని, "అదన్నమాట," అన్నాడు. "వద్దన్నవాడుంటే వాడితో పోట్లాడొచ్చు. లెస్ ఉన్నాడా?"

"ఉన్నాడు."

"మంచిదే. లెస్ మంచి ఆటగాడు. వెనకనుంచి బంతి తెచ్చి నా చేతిలో పెట్టేది వాడే." ఆ మాట అతను మామూలుగా అన్నాడు. నోలాకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. చేతిలో వల వదులైంది.

"బిగించి పట్టుకో," అన్నాడు నెవ్. "వస్తానని చెప్పు. వేపిన గొర్రెమాంసం ఉంటుందిగా? మా నేల మీదికి మనుషుల్ని రమ్మనడానికి నాకేం బాధ. వాళ్ల గోడ మీదికి వాళ్లు నన్ను రమ్మనకపోతే అది వాళ్ల మర్యాద."

బుధవారం పొద్దున నోలా వంటింట్లో ఉండగా లోపలి గదిలోంచి లెస్ పిలిచాడు. వెళ్లి చూస్తే మంచం అంచున పాత నలుపు తెలుపు జెర్సీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పెట్టెలోంచి తీసినట్టున్నాడు, గది నిండా కర్పూరం బిళ్లల వాసన.

"సరిపోతుందేమో చూద్దామని. రేపు వేదిక మీదికి పిలిచి ఒక్కొక్కరికీ జెర్సీ ఇస్తారట. అందరి ముందూ తొడుక్కోవాలట."

లెస్ ఎడమ భుజం ఎప్పుడో పోయింది. చెయ్యి చెవి దాటి పైకి లేవదు. చొక్కాలంటే తానే వేసుకుంటాడు గాని తలమీదుగా తొడిగేదేదైనా నోలా ఉండాల్సిందే. ఆమె జెర్సీని దండలా పోగుచేసి పట్టుకుంది. ముందు పాడైన చెయ్యి కిందినుంచి దూర్చాలి, తరవాత తల, ఆఖరున మంచి చెయ్యి. తల ముందు పెడితే మనిషి ఇరుక్కుపోతాడు.

"ఊపిరి పీల్చి వదులు," అంది. శనివారాలు కుర్రాళ్లకు చెప్పే మాటే. అతను వదిలాడు, ఆమె కిందికి లాగింది. పొట్ట దగ్గర చారలు వంకరపోయాయి. లెస్ అద్దంలో చూసుకుని మురిసిపోయాడు.

"ఫర్వాలేదు కదూ?"

"జట్టులో నెవ్ లేడు," అంది నోలా.

లెస్ అద్దంలోంచే ఆమెను చూశాడు. "అయ్యయ్యో," అన్నాడు. మళ్లీ తనే, "అందర్నీ ఎలా పెడతారులే," అన్నాడు. జెర్సీ అంచు సర్దుకున్నాడు.

"అందర్నీ కాదు, నెవ్‌ని."

"గొప్పోడే, కాదనను. కానీ వెళ్లిపోయాడు కదా నోలా. నేను చివరిదాకా ఒక్క జెర్సీలోనే ఆడాను. దానికీ ఒక విలువుంటుంది."

"నీకు రెండో జెర్సీ ఎవడిచ్చాడని?" అంది. నోరు ఆగలేదు. "కప్పు గెలిచిన సాయంత్రం మీరంతా హోటల్లో కూర్చుని తాగారు. గెలిపించినవాడు బయట ట్రక్కు మీద కూర్చున్నాడు, ఆదివాసిని లోపలికి రానివ్వరని. గుర్తుందా? ఆ తరవాతేగా నార్‌డూ వాళ్లు ఇల్లిస్తామంటే పోయాడు."

"గుర్తులేకపోవడమేం? కిటికీలోంచి బీరు గ్లాసు అందించింది నేనే!" లెస్ మొహం నిజంగా నొచ్చుకుంది. "మిగతావాళ్లు అదీ ఇవ్వలేదు."

 ఆ గ్లాసు సంగతి పెళ్లికి ముందే నోలాకు తెలుసు. మంచి మనిషి, గ్లాసిచ్చాడు అని అప్పట్లో అనుకుంది. ఇన్నేళ్లుగా ఈయన దాన్ని దాచుకుని, అవసరమైనప్పుడు తీసి చూపించుకుంటున్నాడా? ఛీ, ఛీ. 

"తియ్యి," అన్నాడు లెస్ చెయ్యి కాస్త ఎత్తుతూ. ఆమె జెర్సీ తీసింది. మడతపెట్టకుండా మంచం మీద పడేసి, వంటింట్లోకి పోయి స్టువర్ట్‌కి ఫోన్ చేసింది.

"లెస్ పేరు తీసెయ్. నెవ్ పేరు పెట్టు. కల్లాబిన్ లెక్కలో."

అవతల స్టువర్ట్ తడబడ్డాడు. "లెస్‌కి... చెప్పావా?"

"మన క్లబ్బులో ఎవరికైనా ముందు చెప్పే ఆచారం ఉందా?"

లేదు. ప్రతి వారమూ జట్టు గురువారం సాయంత్రమే చదువుతారు. తీసేసినవాడికి ఎవరూ ముందుగా చెప్పరు. గదిలో అందరితోపాటు కూర్చుని, తన స్థానం దగ్గర వేరే పేరు వినపడితే తెలుసుకోవాలి. మగాడైతే కూర్చుని వినాలని, విని చప్పట్లు కొట్టాలని లెస్ ఎంతమంది కుర్రాళ్లకు చెప్పాడో. పక్కన డారిల్ ఉన్నట్టున్నాడు, గుసగుసలు వినపడ్డాయి. స్టువర్ట్ మళ్లీ వచ్చి, "డారిల్‌కి ఇష్టమేనట," అన్నాడు. "నెవ్‌ని ఇరవై రెండుమందిలో పెట్టేస్తాం. చాలా గొప్ప మనసు నోలా నీది."

అంత తొందరగా ఎలా ఒప్పుకున్నారని ఆమెకు అనుమానం రావలసింది. ఫోన్ పెట్టేసి బంగాళాదుంపలు చెక్కుతూ, ఇది గొప్ప మనసూ కాదు పాడూ కాదు, ఒళ్లుమంట అనుకుంది. గదిలో లెస్ ఈల వేస్తున్నాడు.

గురువారం సాయంత్రం గది కిక్కిరిసింది. ఎప్పుడూ ఆటకు రానివాళ్లు కూడా తమ తాతల పేర్లు వినడానికి వచ్చారు. వేపిన మాంసం, గుమ్మడికాయ, పుదీనా పచ్చడి. లెస్ కొత్త చొక్కాలో నిటారుగా కూర్చున్నాడు, పక్కన నోలా. ఆమె మాంసం ముక్కల్ని పళ్లెంలో అటూ ఇటూ జరుపుతోంది. ఎదురు బల్ల దగ్గర నెవ్ ఉన్నాడు, శుభ్రంగా గడ్డం గీసుకుని, పాత కోటులో.

స్టువర్ట్ పిలవగానే నెవ్ వేదిక ఎక్కాడు. తన పెద్దల భాషలో నాలుగు మాటలు చెప్పాడు. తరవాత, "మా నేల మీదికి రండి," అన్నాడు. "వచ్చినవాళ్లు నేలనీ, ఒకళ్లనొకళ్లనీ బాగా చూసుకోండి. మాంసం చల్లారిపోతోంది, తినండి." అంతే. అందరూ లేచి చప్పట్లు కొట్టారు, డారిల్ అందరికంటే గట్టిగా. నెవ్ దిగివచ్చి కత్తీ ఫోర్కూ అందుకున్నాడు.

స్టువర్ట్ జట్టు చదవడం మొదలుపెట్టాడు. వెనకవరస ముందు. ఒక్కో పేరుకూ కేకలు, ఈలలు. ఉన్నవాళ్లు వెళ్లి జెర్సీ తొడుక్కుని నిలబడుతున్నారు, పోయినవాళ్ల తరఫున కొడుకులు, కూతుళ్లు. జెర్సీల వీపు మీద పేర్లు అచ్చువేయించారు. రెండో వరస రాగానే లెస్ కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు, లేవడానికి వీలుగా.

"ఎడమ పక్క," అన్నాడు స్టువర్ట్, "హోరీ డాంక్స్, నార్‌డూ."

లెస్ సగం లేచినవాడు ఆగిపోయాడు. పొరపాటేమోనని చుట్టూ చూశాడు. తరవాత మెల్లగా కూర్చుని చప్పట్లు కొట్టాడు, ఒక అరచెయ్యి కదలకుండా రెండోదానితో. కుర్రాళ్లకు చెప్పినట్టే కొట్టాడు. నోలా పళ్లెం వంక చూస్తూ కూర్చుంది.  ఫర్వాలేదు, మధ్య స్థానం రానీ, నెవ్ పేరు రానీ, అనుకుంది.

"సెంటర్. మన మహా కెప్టెను, జాక్ రింటూల్!"

డారిల్ దూకినట్టు వేదిక ఎక్కాడు. నోలా తలెత్తింది. ముందువరసలు అయిపోయాయి. ఇక బెంచి, అంటే ఎవరికైనా దెబ్బ తగిలితే లేచి ఆడేందుకు పక్కన కూర్చునే నలుగురు. ఒకడు, ఇద్దరు, ముగ్గురు.

"చివరిగా, బెంచి మీద, రెండు ఊళ్ల అభిమాన ఆటగాడు, నెవ్ టీగ్!"

స్టువర్ట్ జెర్సీ ఎత్తి వీపు వైపు తిప్పి చూపించాడు. దాని మీద అచ్చు లేదు. భుజాల మధ్య అడ్డంగా తెల్ల పట్టీ అంటించి, దాని మీద నల్ల స్కెచ్ పెన్నుతో వంకర అక్షరాల్లో టీగ్ అని రాశారు. ఆ పట్టీ చీలమండలకు చుట్టేది, నోలా మందుపెట్టెలోది. పట్టీ అంచు అప్పుడే లేచిపోతోంది. చప్పట్లు మోగాయి. గదిలో ఒక్కరికైనా ఎబ్బెట్టుగా అనిపించలేదు.

నెవ్ నోట్లో ముక్క నమిలి మింగాడు. చప్పట్లు ఆగేదాకా ఆగాడు.

"నేనెప్పుడూ బెంచి మీద కూర్చోలేదు స్టువర్ట్," అన్నాడు. గొంతు పెంచలేదు. "ఈ వయసులో కొత్తగా నేర్చుకోలేను. ఇంకెవరికైనా ఇచ్చెయ్." గుమ్మడికాయ ముక్క ఫోర్కుకు గుచ్చుకున్నాడు.

కొందరు నవ్వారు, జోకనుకుని. స్టువర్ట్ ఎర్రబడ్డాడు. డారిల్ అతని చెవిలో ఏదో చెప్పాడు. స్టువర్ట్ మొహం విచ్చుకుంది. జెర్సీ మీది పట్టీ అంచు గోటితో పట్టుకుని లాగాడు. చర్రుమని ఊడివచ్చింది. నోలా రోజూ వినే చప్పుడే. ఊడిన పట్టీని అతను కింద పడేశాడు. కింద నల్లటి అచ్చు అక్షరాలు, చక్కగా, పెద్దవిగా: లీర్ష్.

"ఏ బాధా లేదు!" అన్నాడు స్టువర్ట్. "లెస్ లీర్ష్! రా లెస్!"

"పోనీలే, నీది నీకే దక్కింది," అని డారిల్ వేదిక మీంచి నవ్వుతూ అరిచాడు. "నోలానే తీయించింది నీ పేరు!"

లెస్ తల తిప్పి ఆమెను చూశాడు. ఆమె తల దించుకోలేదు.  బల్ల పట్టుకుని లేచాడు. నెవ్ కుర్చీ పక్కనుంచే నడిచి, మెట్టు మీద ఒకసారి తూలి, వేదిక ఎక్కాడు. వెళ్లడులే అని ఎక్కడో ఓ మూల ఆశపడ్డందుకు నోలాకు తన మీద తనకే అసహ్యం వేసింది. కిటికీలోంచి గ్లాసందించిన చెయ్యే జెర్సీ అందుకుంది.

ఆత్రంలో అతను తల ముందు దూర్చాడు.

దూర్చి, మంచి చెయ్యి కూడా దూర్చాడు. పాడైన చెయ్యి లోపల చంకలో మడతపడి ఇరుక్కుంది. తల బట్టలో ఉండిపోయింది. వేదిక మీద ఓ మోచెయ్యి, ఓ పొట్ట, రంగు తెలియని ముద్ద అటూ ఇటూ తిరిగాయి. మొదట నవ్వు ఒకచోట పుట్టి గదంతా పాకింది. బట్ట లోపలినుంచి అతని గొంతు వినపడింది.

"నోలా!"

ఎవరూ కదల్లేదు, అది ఆమె పనేనని అందరికీ తెలుసు. ఆమె కూర్చునే ఉంది. ఎదురు బల్ల దగ్గర నెవ్ మాత్రం నవ్వడం లేదు.

"వెళ్లు," అన్నాడు ఆమెతో. "ఊపిరాడట్లేదు వాడికి."

ఆమె లేచి వెళ్లింది. వేదిక మీద లెస్ ఆమె చెయ్యి తగలగానే కదలడం మానేశాడు. ఎన్నో ఏళ్ల అలవాటు. ఆమె బట్ట అంచు కింద చెయ్యి పెట్టి, మడతపడ్డ మోచేతిని వెతికి నెమ్మదిగా కిందికి దించింది.

"లాగు," అన్నాడు లోపలినుంచి. "కిందికి లాగు."

"ఊపిరి పీల్చి వదులు."

వదిలాడు. ఆమె అంచు రెండు చేతులా పట్టుకుని పైకి లాగింది. జెర్సీ అతని తలమీదుగా మొత్తం ఊడి ఆమె చేతుల్లోకి వచ్చింది. లెస్ జుట్టు రేగి, కొత్త చొక్కా బొత్తాం తెగి, దీపాల వెలుగులో కళ్లు చికిలించుకుంటూ నిలబడ్డాడు. నవ్వు తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది. ఆమె జెర్సీని వీపు పైకి ఉండేలా బల్ల మీద పరిచింది.

"తొడుగు నోలా," అన్నాడు లెస్ గొంతు తగ్గించి. "ఇంతమంది ముందు... తొడుగు."

"నీ అంతట నువ్వు తొడుక్కోగలిగితే తొడుక్కో. నేను తొడగను."

స్టువర్ట్ మైకు దగ్గర్నుంచి ఒక అడుగు వెనక్కి వేశాడు. లెస్ బల్ల మీది తన పేరు చూశాడు. మంచి చెయ్యి దానివైపు చాచాడు. అప్పుడతని చూపు జెర్సీ దాటి కిందికి పోయి, నేల మీద ఆగింది. అక్కడే నిలిచిపోయింది. నోలా కూడా చూసింది. లెస్ చెయ్యి వెనక్కి తీసుకుని, ఆ చేత్తో రేగిన జుట్టు అణచుకున్నాడు.

"స్టువర్ట్," అన్నాడు. మైకు అక్కడే ఉంది, గది చివరిదాకా వినపడింది. "నీ బూటు కింద నెవ్ పేరు అంటుకుంది. ముందది తియ్యి."

స్టువర్ట్ కిందికి చూసుకున్నాడు. ఒక చేత్తో బల్ల పట్టుకుని, ఒంటికాలి మీద నిలబడి, గోటితో పట్టీ అంచు వెతకసాగాడు.